ఈ మిట్టకు పేరేమిటి?



కొన్నేళ్ల క్రిందట ఒక ఆగస్టు ఆదివారం, తెల్లవారుతుండగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. హైదరాబాద్ మారథాన్ సాగుతున్నది. యూసుఫ్‌గూడ వాసినైన నాకు అది ఇంటి ముంగిటి ఉత్సవం వంటిది. పరుగెత్తడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు గనుక చప్పట్లు కొట్టడానికి వెళ్లాను. ఎక్కుడు దారిలో వగరుస్తూ వచ్చిన ఒక యువకుడు నన్ను చూసి ఆగాడు. ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్నవాడే. "సార్, ఈ మిట్టకు పేరేమిటి సార్? ప్రాణం తీస్తున్నది!" అన్నాడు.

నేను రోడ్డు నంబరు చెప్పగలిగాను. పేరు చెప్పలేకపోయాను. ఆ సిగ్గే ఈ టపాకు కారణం.

ఈ పందెం చరిత్ర పెద్దది కాదు. హైదరాబాద్ రన్నర్స్ అనే బృందం 2007లో ఏర్పడింది. వారి నిర్వహణలో 2011లో మారథాన్ మొదలైంది. ఈ మధ్య కాలపు దారి ఇది: హుస్సేన్‌సాగర్ ఒడ్డున బయలుదేరి, ఖైరతాబాద్, పంజగుట్ట మీదుగా కె.బి.ఆర్. పార్కు, చెక్‌పోస్టు చేరి, అక్కడి నుండి దుర్గం చెరువుపై 2020లో ప్రారంభమైన తీగల వంతెన దాటి, గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మొత్తం 42.195 కిలోమీటర్లు. ఫ్లైఓవర్లు ఎక్కిదిగడం దీనికి అదనం. దేశంలోని నగర మారథానులలో ఇది కఠినమైనదని పరుగరులు చెప్పుకోవడం అందుకే.

ఎందుకింత కఠినం? దారి మొదట ఒక చెరువున్నది, దారిలో మరొక చెరువున్నది. హుస్సేన్‌సాగర్ కుతుబ్‌షాహీల కాలంలో, 1562 ప్రాంతాన తవ్వించినది. దుర్గం చెరువు గోలకొండ కోటకు తాగునీరిచ్చినది. రెండు చెరువులున్న చోట నడుమ మెరక ఉండితీరుతుంది. ఆ మెరకే మన జూబ్లీహిల్స్. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు రాయి. కారులో పోయేవానికి ఈ ఎత్తుపల్లాలు తెలియవు. కాలికి తెలుస్తాయి.

మన పెద్దలకు కూడా తెలుసు. చుట్టుపక్కల పాత పేర్లు చూడండి. బోరబండలో బండ ఉన్నది. వెంకటగిరిలో గిరి ఉన్నది. రాయదుర్గంలో దుర్గం ఉన్నది. గుట్టల బేగంపేటలో గుట్టలు చాలావరకు భవనాల క్రిందికి పోయాయి, పేరు మాత్రం సాక్ష్యానికి మిగిలింది. మనం వచ్చిన తరువాత ఏం చేశాము? కాలనీకి ఇంగ్లీషులో 'హిల్స్' అని తగిలించి, దారులకు అంకెలు వేశాము. 36, 45, 10. ఏ అంకె ఎక్కుడో, ఏ అంకె దిగుడో ఎవరికీ తెలియదు.

అమెరికాలోని బోస్టన్ మారథాన్ 1897 నుండి జరుగుతున్నది. ఆ దారిలో సుమారు 32 కిలోమీటర్ల దగ్గర ఒక మిట్ట ఉన్నది. 1936లో జానీ కెల్లీ అనే పరుగరి అక్కడ ముందున్న ఎలిసన్ బ్రౌన్‌ను అందుకొని భుజం తట్టాడట. దానితో బ్రౌన్‌కు పౌరుషం వచ్చింది. దూసుకుపోయి గెలిచాడు. అక్కడే కెల్లీ గుండె పగిలిందని ఒక పత్రికా విలేఖరి రాశాడు. ఆ మిట్టకు 'హార్ట్‌బ్రేక్ హిల్' అన్న పేరు నిలిచిపోయింది. మన మాటలో 'గుండెపగులు గుట్ట'. అది గట్టిగా కిలోమీటరు పొడవు కూడా లేని ఎక్కుడు. అయినా ఆ పందెం గురించి విన్నవారందరికీ అది తెలుసు. మారథాన్ అన్న మాట మాత్రం? సోపుమొక్కల పేరు మీద వెలసిన ఒక గ్రీకు ఊరి పేరు.

మన పందేనికి గెలిచినవారి సమయాలున్నాయి, పతకాలున్నాయి. ఎవరు ఎక్కడ చతికిలబడ్డారు, ఎక్కడ లేచారు, ఏ మలుపులో నీళ్లందించిన పిల్లలు ఎవరు అన్న కథలు లేవు. ఉన్నా తెలుగులో ఎవరూ రాయలేదు, లేదా నా కంట పడలేదు. కథ చెప్పుకోవాలంటే చోటుకు పేరుండాలి. "36లో ఆగిపోయాను" అంటే కథ కాదు.

పండితుడు పెట్టిన పేరు నిలుస్తుందా అని మీరు అడగవచ్చు. నిలవదు. రైలుకు మావాళ్లు ధూమశకటమన్నారు, జనం రైలనే అన్నారు. అందుచేత నేను పేర్ల జాబితా ఇవ్వను. ఆ దారిన చెమటోడ్చినవారే పెట్టాలి. చర్చకు మొదలుగా ఒక్కటి మాత్రం చెబుతాను: చెక్‌పోస్టు ఎక్కుడుకు 'ఉసూరుమిట్ట'. ఇంతకన్న మంచిది తోస్తే దీన్ని సంతోషంగా వదులుకుంటాను.

మీలో పరుగెత్తేవారుంటే, మీ కాళ్లు మొరాయించిన చోటును, దానికి మీకు తోచిన పేరును వ్యాఖ్యలలో రాయండి. తెలుగులో రాయండి. నా విద్యార్థికి ఆనాడు ఇవ్వలేని జవాబు ఇంకా బాకీ ఉన్నది.