క్షిపణికి ముందు చూపు కావాలి

బ్రహ్మోస్ క్షిపణి తొలి రూపమే 290 కిలోమీటర్లు పోతుంది. దాన్ని మోసే యుద్ధనౌక రాడార్‌కు మాత్రం సముద్రం మీద మరో నౌక కనబడేది మామూలుగా 40 కిలోమీటర్ల లోపే. అనకాపల్లి జిల్లా గోవాడ నుంచి విశాఖ రేవుకు సూటిగా గీత గీస్తే ఇంచుమించు అంతే దూరం. భూమి గుండ్రంగా ఉన్నంతకాలం ఎంత ఖరీదైన రాడార్ పెట్టినా ఈ లెక్క పెద్దగా మారదు. అదే రాడార్‌ను 2,500 మీటర్ల ఎత్తుకు లేపితే చూపు 200 కిలోమీటర్లు దాటుతుంది. విశాఖ కేంద్రంగా బంగాళాఖాతాన్ని కాచే తూర్పు నౌకాదళానికి మానవరహిత హెలికాప్టర్లు ఎందుకో ఈ తేడాయే చెబుతుంది.

డ్రోన్లు కొన్నాం కదా అనవచ్చు. 2024 జనవరిలో హైదరాబాద్‌లో తయారైన దృష్టి-10 నౌకాదళం చేతికొచ్చింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికాతో 31 ఎంక్యూ-9బీలకు ఒప్పందం కుదిరింది, వాటిలో 15 నౌకాదళానివి. మంచి కొనుగోళ్లే. కానీ రన్‌వే లేనిదే అవి లేవవు, దిగవు. అండమాన్ అవతల ఒంటరిగా తిరిగే నౌక కెప్టెన్‌కు అడిగిన వెంటనే తన డెక్ మీంచే లేచే కన్ను కావాలి. సీహాక్ హెలికాప్టర్లు ఉన్నా, జలాంతర్గాముల వేటకు పనికొచ్చే పది టన్నుల యంత్రాన్ని గంటల తరబడి కాపలా తిప్పడం దుబారా. ఆస్ట్రియా కంపెనీ షీబెల్ చేసే క్యామ్‌కాప్టర్ అనే మానవరహిత హెలికాప్టర్ గరిష్ఠ బరువు 200 కిలోలు. కెమెరాతో ఆరు గంటల దాకా గాల్లో ఉండగలదు.

మనకిది కొత్త ఆలోచనేమీ కాదు. 2007లోనే ఐఎన్‌ఎస్ సుజాత మీద క్యామ్‌కాప్టర్‌ను పరీక్షించారు. పాత చేతక్ హెలికాప్టర్‌ను పైలట్ లేకుండా ఎగిరేలా మార్చేందుకు హెచ్‌ఏఎల్, ఇజ్రాయెల్ సంస్థ ఐఏఐ చేతులు కలిపాయి. ఆ ప్రయత్నం నౌకల దాకా రాలేదు. ఇన్నేళ్ల జాప్యం నాకు మింగుడుపడటం లేదు.

పని తేలికని అనను. నౌక ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకీ ఊగుతుంటే యంత్రం ఆ ఊపును కొలుస్తూ, డెక్ కాస్త సమంగా వచ్చిన ఆ కొన్ని క్షణాల్లోనే దిగాలి. దిగీ దిగగానే పట్టు దొరక్కపోతే పక్కకు జారుతుంది. ఉప్పుగాలి తీగల్నీ బేరింగుల్నీ తినేస్తుంది. ఇంధనమూ చిక్కే. యుద్ధనౌకలో పెట్రోలు నిల్వ పెట్టడానికి ఏ నౌకాదళమూ ఇష్టపడదు, కాబట్టి డీజిల్ వంటి బరువైన ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్ కావాలి. 1960లలో అమెరికా డ్యాష్ పేరుతో టార్పెడోలు మోసే మానవరహిత హెలికాప్టర్లను 700కు పైగా చేయించింది. వాటిలో సగానికి పైగా సముద్రంలో పోయాయి.

ఇక గురి. రాడార్ తెర మీద చుక్క కనబడినంత మాత్రాన అది శత్రువని తేలదు. పూడిమడక మత్స్యకారుల తెప్పలు, విశాఖ హార్బర్ మరపడవలు తిరిగే నీళ్లలో ఆ చుక్క మనవాళ్లు వల వేసిన పడవైనా కావచ్చు. 2008 నవంబరులో గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో ఐఎన్‌ఎస్ తబర్ సముద్రపు దొంగల నౌకగా భావించి ముంచినది, దొంగలు అంతకుముందే పట్టుకున్న థాయ్ చేపల నౌకని తర్వాత తేలింది. బందీలైన కార్మికులు అందులోనే ఉన్నారు. పైనుంచి ఒక కెమెరా దగ్గరగా, తీరిగ్గా చూసి ఉంటే డెక్ మీద మనుషులెవరో తెలిసే అవకాశం ఉండేది. అందుకే ఈ యంత్రాన్ని క్షిపణికి దారి చూపే సాధనంగా మాత్రమే చూడటం నాకు సమ్మతం కాదు. కాల్చకుండా ఆగడానికి కూడా అది అంతే అవసరం. కాల్చమనే మాట మాత్రం యంత్రానిది కాకూడదు, ఆ బొమ్మను కళ్లారా చూసిన అధికారిదే కావాలి.

కాబట్టి కొనేముందు పరీక్షలు విశాఖ ఎదుటి సముద్రంలోనే, వానాకాలపు అలల మీదే, చిన్న నౌకల డెక్‌పైనే జరగాలి. మత్స్యకారుల పడవల గుంపులోంచి ఒక్క అనుమానపు పడవను రాత్రిపూట విడదీసి చూపగలదా అన్నది ఆ పరీక్షల్లో మొదటి షరతుగా ఉండాలి.