‘మీ గురించి చెప్పండి’.. ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్న ఉద్యోగాలు!

వరంగల్: కోడింగ్ టెస్ట్ పాస్. టెక్నికల్ రౌండ్ కూడా ఓకే. చివరికి హెచ్‌ఆర్ రౌండ్‌లో ‘మీ గురించి చెప్పండి’ అంటారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఊరు, పేరు నుంచా, ప్రాజెక్ట్ నుంచా? ఆటిజం ఉన్న చాలామందికి ఇలాంటి హద్దుల్లేని ప్రశ్నే పెద్ద అడ్డంకి. ఎదురుగా ఉన్న ప్యానెల్‌కేమో కళ్లలోకి చూడకపోవడం, తడబాటు మాత్రమే కనిపిస్తాయి. ‘కాన్ఫిడెన్స్ లేదు’ అని రాసేస్తే కథ ముగిసినట్టే.

ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ, చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్న సిటీ ఇది. మడికొండలో 2020 జనవరిలోనే టెక్ మహీంద్రా, సైయెంట్ సెంటర్లు మొదలయ్యాయి. ఇంటర్వ్యూ ట్రైనింగ్ అంటే మాత్రం ఎక్కడైనా అదే పాఠం.. నవ్వండి, కళ్లలోకి చూడండి, గలగలా మాట్లాడండి. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా లాంటివి ఉన్న న్యూరోడైవర్జెంట్ యువతలో చాలామందికి ఇది ట్రైనింగ్ కాదు, నటన. బుర్రంతా నటన మీదే ఉంటే అడిగిన ప్రశ్న వినేదెప్పుడు?

సర్కారు కొలువుల్లో సీన్ కొంచెం వేరు. గ్రూప్-1, గ్రూప్-2 పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేయాలని 2022లో తెలంగాణ కేబినెట్ నిర్ణయించింది. వీళ్ల కోసం తీసుకున్న నిర్ణయం కాదు గానీ, వీళ్లకూ కలిసొచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం ఆటిజం, లెర్నింగ్ డిజేబిలిటీ, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లది. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. ఇంకో చిక్కు.. చట్టంలోని 21 వైకల్యాల లిస్టులో ఏడీహెచ్‌డీ పేరే లేదు.

మరి ప్రైవేటులో? ఇక్కడే చాలామందికి తెలియని పాయింట్ ఉంది. ప్రైవేటు కంపెనీలు కూడా సమాన అవకాశాల పాలసీని ప్రకటించాలని అదే చట్టం చెబుతోంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే ఎంపిక ఎలా చేస్తారో అందులో రాయాలి, ఒక లైజన్ ఆఫీసర్‌నూ పెట్టాలి. అంటే ఇంటర్వ్యూకు ముందు ‘మీ పాలసీ ఏంటి?’ అని అడిగే దారి ఉంది. ప్రశ్నలు ముందే రాతలో ఇవ్వడం, సైలెంట్‌గా ఉండే గది, ఐదుగురి ప్యానెల్‌కు బదులు ఒక్కరే మాట్లాడటం.. వీటిలో పెద్దగా ఖర్చయ్యేది ఏదీ లేదు.

అడగాలంటే మాత్రం విషయం బయటపెట్టాలి. అసలు కష్టం అదే. ‘రేపు సంబంధాలకు అడ్డొస్తుంది’ అని సర్టిఫికెట్ జోలికే వెళ్లని ఇళ్లు ఉన్నాయి. ఆ భయాన్ని తప్పుపట్టడం తేలిక. చెప్పాక ఉద్యోగం వస్తుందన్న గ్యారంటీ ఇచ్చేవాళ్లే లేరు మరి.

డెన్మార్క్‌లో థోర్కిల్ సోన్నె, కొడుక్కి ఆటిజం అని తెలిశాక, 2004లో స్పెషలిస్టెర్న్ కంపెనీ పెట్టారు. అక్కడ మాటల ఇంటర్వ్యూకు బదులు లెగో రోబోలతో పని ఇచ్చి చూశారు. 2013లో శాప్ కంపెనీ వాళ్లతో చేతులు కలిపింది.

వరంగల్ కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్స్‌కు అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. డ్రైవ్ రిజిస్ట్రేషన్ ఫామ్‌లో ‘ఇంటర్వ్యూకు ఏదైనా ఏర్పాటు కావాలా?’ అని ఒక్క గడి పెడితే చాలు. అందులో జబ్బు పేరు, సర్టిఫికెట్ నంబర్ అడగనక్కర్లేదు. ‘ప్రశ్నలు ముందే ఇవ్వండి’ అని రాసే వీలుంటే సరిపోతుంది.