తొట్టి చెప్పే సాక్ష్యం

పంది పేరు ఎత్తగానే ముఖం చిట్లించుకొని పేజీ తిప్పెయ్యబోయే పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. నేను చెప్పబోయేది వంటను గురించి కాదు, వైద్యాన్ని గురించి. అందులోనూ మందూ మాకూ లేని వైద్యం.

మన పల్లెల్లో గేదెకు సుస్తీ చేసిందని ఎలా తెలుస్తుంది? థర్మామీటరు పెట్టి కాదు గదా! పొద్దున్నే కుడితి తొట్టిలో మూతి పెట్టి తీసేసిందంటే చాలు, ఇంటి ఇల్లాలి గుండె గుభేలుమంటుంది. ఎక్కడో కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో శాస్త్రజ్ఞులు పందుల విషయంలో చేసిందీ ఇంచుమించు ఇదే. కాకపోతే వాళ్లు లెక్క రాశారు.

ఆ లెక్క అవసరం ఇలా వచ్చింది. 1987 ప్రాంతంలో అమెరికా పందుల దొడ్లలో అంతుపట్టని జబ్బొకటి బయలుదేరింది. చూలు పందులు నెలలు నిండకుండానే చచ్చిన పిల్లల్ని ఈనేవి. బతికిన పిల్లలు ఊపిరాడక పోయేవి. పేరు తెలియక దాన్ని కొన్నాళ్లు మిస్టరీ జబ్బనే పిలిచారు. 1991లో హాలెండులోని లేలిస్టాడ్‌లో దానికి కారణమైన వైరస్‌ను పట్టుకొన్నారు. ఇప్పుడు పొడి అక్షరాల్లో పి.ఆర్.ఆర్.ఎస్. అంటున్నారు. టీకాలు ఉన్నాయి గాని, వైరస్ తరచు రూపు మార్చుకొంటూ ఉండడంవల్ల వాటిని పూర్తిగా నమ్ముకోవడానికి లేదు. 2013లో ఈ జబ్బు మన మిజోరాంకూ వచ్చింది. అక్కడి ఇళ్లలో పెరటి పంది అంటే మనకు పాడిగేదె వంటిదని గుర్తుంచుకొంటే, ఆ నష్టం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఒక దొడ్డిలో అన్నిటికీ రోగం సోకినా, కొన్ని పిల్లలు మాత్రం నాలుగు రోజులు నలిగి మళ్లీ లేచి తిరుగుతాయి. అది అదృష్టమా, తల్లిదండ్రుల నుంచి వచ్చిన గుణమా? ఇది తేల్చడానికి అమెరికాలో విశ్వవిద్యాలయాలూ, ప్రభుత్వ పరిశోధకులూ, పందుల పెంపకందార్లూ 2007లో చేతులు కలిపారు. సుమారు రెండేసి వందల పిల్లలను ఒక జట్టుగా తెచ్చి, కావాలనే వైరస్ ఎక్కించి, 42 రోజులు నెత్తురూ, బరువూ పరీక్షించారు. (ఈ మాట రాస్తూంటే నాకూ మనసు చివుక్కుమన్నది.) నాలుగో క్రోమోజోము మీద ఒకానొక చోట ఉండే తేడాను బట్టి కొన్ని పందులలో వైరస్ తక్కువగా ఉంటున్నదనీ, అవి బరువు కూడా బాగా పెరుగుతున్నాయనీ 2012లో ప్రకటించారు. ఆ గుణం తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని, ఒక్కరి నుంచి వచ్చినా చాలునట.

కాని దొడ్డిలోకి వచ్చేది ఒక్క రోగమేనా? క్విబెక్‌లో అందుకే ఒకటి కాదు, రకరకాల వైరస్‌లూ సూక్ష్మజీవులూ తిరుగాడే పాకలోకి మూడు వారాలకొక జట్టు చొప్పున ఆరోగ్యమైన పిల్లలను తోలారు. ప్రతి పంది చెవికీ ఒక బిళ్ళ. అది తొట్టిలో మూతి పెట్టినప్పుడల్లా యంత్రం ఆ బిళ్ళను గుర్తుపట్టి, ఎంత తిన్నదీ, ఎంతసేపు తిన్నదీ రాసుకొంటుంది. ఇవాళ కడుపునిండా తిని, రేపు పస్తుండి, ఎల్లుండి సగం తినేవాటికి మందులు ఎక్కువ వాడవలసివచ్చింది, చావులూ వాటిలోనే ఎక్కువ. రోజూ ఒకేలా తిన్నవి నిలిచాయి. ఈ నిలకడ కొంతవరకు వంశంలో వచ్చే గుణమని కూడా తేలింది. ఇక రోగం ఎరుగని దొడ్లలో ఉన్న వాటి బంధువర్గంలోంచి ఈతకు మంచివాటిని ఎంచుకోవచ్చునన్నమాట.

ఇందులో ఒక మెలిక ఉన్నది. రోగాన్ని దగ్గరకు రానివ్వకపోవడం వేరు, వచ్చినా ఓర్చుకోవడం వేరు. ఓర్చుకొనే పంది తాను హాయిగా తింటూనే పక్కదొడ్డికి వైరస్‌ను పంచిపెట్టవచ్చు. ఈ గొడవ లేకుండా వైరస్ దూరే తలుపునే మూసేద్దామని మిస్సోరీ విశ్వవిద్యాలయం వారు సి.డి.163 అనే జన్యువును సవరించి, అలాంటి పందులకు ఈ జబ్బు అంటదని 2015లో చూపారు. ఆ దారిలో ఒక పెంపకం కంపెనీ తయారుచేసిన పందులకు 2025లో అమెరికా ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చింది. గొప్ప పనే, సందేహం లేదు. కాని మూసింది ఒకే తలుపు. 2020లో అస్సాంలో కనిపించి మన దేశాన్ని హడలెత్తించిన ఆఫ్రికా పందిజ్వరం ఉన్నది చూశారూ, దానికి ఈ సవరణ ఏమీ అడ్డు కాదని పరీక్షలో తేలింది. ఆ జ్వరం ముందు తొట్టి లెక్కలూ అంతగా పనికిరావు. సోకిన దొడ్డిలో దాదాపు అన్నీ చస్తూంటే ఏరుకోవడానికి మిగిలేదేమిటి? అక్కడ దొడ్డి గుమ్మం దగ్గర కాపలాయే గతి.

మిగతా రోగాలకు మటుకు నా ఓటు తొట్టికే. నిదానమైన పని, తరాలు పడుతుంది. సంతలో కాటా పట్టుకొన్నవాడు బరువు చూసి వెల కడతాడు గాని, పోయిన చలికాలం దొడ్డంతా మూలుగుతున్నప్పుడు కూడా ఇది ఒక్క పూట తిండి మానలేదని చెబితే పైన ఒక్క రూపాయి ఇస్తాడా?