బియ్యం పారబోసే చేట మనకొద్దు

మెయిల్‌కి స్పామ్ ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు అందరూ అడిగేది ఒకటే, ఎంత చెత్త ఆపుతుందీ అని. మంచి మెయిల్‌ని పారేయకుండా ఉంటుందా అన్నదే ముందు చూడాలంటాను నేను. లాటరీ తగిలిందన్న మెయిలు ఒకటి లోపలికొస్తే లింకు నొక్కకుండా తుడిచేస్తాం. పిల్లాడి కాలేజీ సీటు కబురు స్పామ్‌లో పడితే? జీమెయిల్ అక్కడున్నవాటిని 30 రోజులకి తీసేస్తుంది. ఊకతోపాటు బియ్యాన్నీ పారబోసే చేట ఎవరిక్కావాలి!

అందుకే నా ఓటు, నేర్పితే నేర్చుకునే ఫిల్టర్‌కే. థండర్‌బర్డ్‌లో ఏది చెత్తో, ఏది కాదో మనం గుర్తు పెడుతుంటే అది నేర్చుకుంటుంది. జీమెయిల్‌లో 'నాట్ స్పామ్' నొక్కొచ్చు. అయినా వారానికోసారి ఆ ఫోల్డర్ తెరవండి. చెరిగిన ఊకలో గింజలున్నాయేమో చూసే పారేస్తాం కదా!