కింద చుక్క లేదు, సీసాలో తగ్గుతున్నది

మా చిన్నల్లుడు సోలాపూర్‌లో కారు కిరాయికి తిప్పుతాడు. తుళజాపూర్, అక్కల్‌కోట్, పండరిపురం పోయే భక్తులే అతని గిరాకీ. పాత బండి, అప్పు ఇంకా తీరలేదు. ఈ ఎండాకాలం దానికో రోగం పట్టింది. ఇంజను పక్కన కూలెంట్ పోసే ప్లాస్టిక్ సీసా ఉంటుంది కదా, అందులో నాలుగు రోజులకు అర లీటరు తగ్గుతున్నది. బండి కింద చూస్తే ఒక్క చుక్క లేదు.

గ్యారేజీ అతను బానెట్ లేపి రెండు నిమిషాలు చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజను విప్పాలి, పద్దెనిమిది వేలు" అన్నాడట. ఆ సాయంత్రం మా బిడ్డ మెడలో గొలుసు తీసి గుడ్డలో కట్టుకొని మా ఇంటికి వచ్చింది, తాకట్టుకు నన్ను తోడు రమ్మని. "రెండు రోజులు ఆగు బిడ్డా" అన్నాను.

నాకు కారు నడపరాదు. కానీ ఇరవై ఆరేళ్ళు మిల్లులో సైజింగ్ ఖాతాలో పనిచేసిన. గంజి పట్టిన నూలు ఆరబెట్టడానికి అక్కడికి బాయిలరు నుంచి ఆవిరి గొట్టాలు వస్తయి. జాయింటు సన్నగా కారితే నీళ్ళు కనపడవు, ఆ వేడికి అక్కడనే ఆరిపోతయి. తెల్లటి పొర మాత్రం మిగులుతుంది. మా జాబర్ ఆ పొర చూసే జాగా పట్టేటోడు.

తెల్లారి ఇంజను చల్లగా ఉన్నప్పుడే కూర్చున్నం. ఇది గట్టిగా చెప్తున్న: వేడి మీద రేడియేటరు మూత ఎవరూ తీయొద్దు. లోపలి నీళ్ళు ఒత్తిడి మీద ఉంటయి, మొహం మీదికి ఎగజిమ్ముతయి. ఆవిరి ఏం చేస్తదో నా ఎడమ చేతి మచ్చను అడగండి.

ముందు ఆ గ్యాస్కెట్ సంగతి చూసినం. ఆయిల్ పుల్ల తీస్తే ఆయిల్ నల్లగానే ఉంది, పాలు కలిసిన చాయ రంగు లేదు. ఇంజను నడుస్తుంటే సీసాలో బుడగలు లేవు. వేడెక్కినంక సైలెన్సరు నుంచి తెల్ల పొగ లేదు. ఇవి లేనంత మాత్రాన గ్యాస్కెట్ మంచిదని నూటికి నూరు చెప్పలేం, కానీ ఇంజను విప్పే ముందు చూడాల్సినవి ఇవే.

"మామా, గిరాకీలు ఏదో తియ్యటి వాసన వస్తుందంటున్నరు" అన్నాడు అల్లుడు. ఈ మాట ముందే చెప్పొద్దా! వేడి మీద పడి కాగే కూలెంట్‌కు అదే వాసన. కారు లోపల హీటరు కారితే ముందు సీటు కింది చాప తడుస్తుంది, అద్దం మీద ఆవిరి పడుతుంది. చాప పొడిగా ఉంది. అంటే బయటనే.

తెలిసిన మిస్త్రీ దగ్గర చేతిపంపు ఒకటి అడిగి తెచ్చినం. రేడియేటరు మూత జాగాలో బిగించి గాలి కొడతరు. మూత మీద 0.9 అని ఉంటే అంతవరకే, ఎక్కువ కొడితే మంచి పైపు కూడా పగులుతుంది. ముల్లు మెల్లగా దిగుతున్నది, అంటే ఎక్కడో పోతున్నది. టార్చి పట్టుకొని రేడియేటరు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం, పైపుల మూలలు అన్నీ చూసిన. ఇంజను వెనక, హీటరుకు పోయే రబ్బరు పైపు మొదట్లో, పచ్చగా ఎండిన పొర దొరికింది. చూస్తుండంగనే అక్కడ ఒక చుక్క ఊరింది. బండి నడిచేటప్పుడు అది వేడి ఇంజను మీదనే పడి ఆరిపోతున్నది, నేల దాకా ఏం వస్తుంది?

పైపు, రెండు క్లిప్పులు, కొత్త కూలెంట్, మిస్త్రీ కూలీ అన్నీ కలిపి పదకొండు వందలైంది. ఇన్నాళ్ళు అల్లుడు పోసింది బోరు నీళ్ళు. మన బోరు నీళ్ళకు ఇంట్లో గిన్నెలకే తెల్లగా పట్టేస్తది, ఇంజను లోపల పట్టదా? అవన్నీ తీసేసి, కూలెంట్ సగం, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం పోయించిన. పాత కూలెంట్ మోరీలో పారబోయలేదు. అది తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకుతయి, పిల్లలు ముట్టుకుంటరు. డబ్బాలో పోసి మిస్త్రీకే ఇచ్చినం.

సీసా మీద నీళ్ళున్న కాడ టేపు ముక్క అంటించిన. రోజూ పొద్దున బండి తీయకముందే అల్లుడు చూస్తున్నాడు. మూడు వారాలైంది, గీత కదలలేదు. గొలుసు గుడ్డలోంచి మళ్ళీ మెడలోకి పోయింది. నిన్న పండరిపురం కిరాయి దొరికింది.