తవ్వింది మనం, బొమ్మ ఎవరిది?

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు కుప్పలు పోసి అమ్ముతరు. బడి పిల్లల కోసం మేము అప్పుడప్పుడు పోతుంటం. అట్లా పోయినప్పుడు ఒక దుకాణంలో జానెడు కూడా లేని కంచు బొమ్మ కనపడింది. కొనే పెద్దమనిషి 'ఇంట్లో ఇసొంటివి ఇరవై ఉన్నయి' అని మురిసిపోతున్నడు. ఎక్కడియని అడిగితే 'పల్లెల్లోంచి వస్తయి' అన్నడు అమ్మేటాయన.

వాటంతట అవి నడిచొస్తయా? బావి తవ్వుతుంటే, పునాది తీస్తుంటే గడ్డపారకు తగిలి వస్తయి. ఆ గడ్డపార పట్టింది పటేలు కొడుకా, మనోళ్లా?

ఆంధ్రదేశంలో బుద్ధపాడు దగ్గర 1870 ప్రాంతంలో కాలువ తవ్వుతుంటే బుద్ధుని కంచు విగ్రహాలు బయటపడ్డయి. 1905 నుంచి అవి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నయి. 1956లో బాబాసాహెబ్ ఎవరి దారి పట్టిండో ఆ బుద్ధుడే! మట్టి మోసిన కూలోళ్ల పేర్లు మాత్రం ఏ చరిత్రలో చదువుకుంటం?

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి మా పిల్లల్ని తీసుకపోయినం. కంచు విగ్రహాల ముందు అందరం ఒకే వరుసలో నిలబడ్డం. ఇవే దేవుళ్లు గుళ్లో ఉన్నప్పుడు మన తాతలను గడప తొక్కనియ్యలేదు. ఇక్కడ టికెట్టు కొన్నోళ్లందరూ సమానమే. అదే బొమ్మ షావుకారి బీరువాలోకి పోతే మళ్లా గడప మూసినట్టే. అందుకే మేము ఈ సరదాను ఒప్పుకోం.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలె. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన వస్తువు దొరికితే కలెక్టరుకు తెలపాలె. పాత హక్కుదారు ఎవరూ లేకపోతే, వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడు పాళ్లు దొరికించుకున్నోనివి, ఒక పాలు భూమి ఆసామిది. దాచిపెడితే వాటా పోతది, జైలు కూడా ఉంటది. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహాలతో లైసెన్సు లేకుండా వ్యాపారం చేసుడు నేరం, దేశం దాటించుడు నేరం.

దొర ఈ ముక్క మనకు చెప్తడా? 'నా చెల్కల దొరికింది, నాదే' అంటడు. కూలోని చేతిల వంద పెట్టి నోరు మూయిస్తడు. బ్రోకరు వచ్చి ఎత్తుకపోతడు. కేసయితే దొంగ అనిపించుకునేది మాత్రం మనోడే.

అన్నలారా, అక్కలారా! బొమ్మ దొరికితే కరిగించొద్దు, అమ్మొద్దు, దొరకు అప్పజెప్పొద్దు. పదిమంది సాక్షులతో కలెక్టరు కచేరికి పోయి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రాసిపెట్టేందుకు పంతుళ్లం మేమున్నం. తవ్విన చెయ్యి మనదైనప్పుడు, కాగితం మీద పేరు కూడా మనదే ఉండాలె.

జై భీం!