జాయింట్ వీల్‌లో ఒక్కడే కూసుంటే



జీవితం జాయింట్ వీల్ లాంటిది, కిందికి వచ్చినోళ్లు మళ్లీ పైకి పోతరు అని స్టేజీల మీద చాలామంది సార్లు చెప్తుంటరు. మనం కూడా చప్పట్లు కొడతం. కానీ ఆ మాట ముందే టికెట్ తీసుకొని ఎక్కినోళ్లకు సరిపోతది. మనలో చాలామందిమి ఇంకా కిందనే లైన్‌లో ఉన్నం.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర చూసినోళ్లకు ఇది తెలుసు. మెస్రం వంశంవాళ్లు కాలినడకన గోదావరి జలం తెస్తరు, కొత్త కోడళ్ల భేటింగ్ అయితది, దర్బార్ అయితది. చిన్నపిల్లలకు ఇవేవీ పట్టవు, కళ్లన్నీ చక్రం మీదనే! రంగులరాట్నం గుర్రం మీద కూసోబెడితే ప్రతి చుట్టుకూ అమ్మ ముఖం కనిపిస్తది. జాయింట్ వీల్ అట్ల కాదు. అమ్మ మన చెప్పులు పట్టుకొని కిందనే నిలబడతది, మనం పైకి పోయినకొద్దీ చిన్నగైతది. డిగ్రీ కోసం హాస్టల్‌కు వచ్చుడు కూడా అంతే. ఫోన్ చేస్తే "తిన్నవా బిడ్డా" అని అడుగుతది. బ్యాక్‌లాగ్ అంటే ఏందో ఆమెకు ఎట్ల చెప్పాలె?

ఆ చక్రం తిప్పేటాయన్ని ఎప్పుడన్నా గమనించిన్రా? ఒక తొట్టి నిండినంక వెంటనే పక్కది నింపడు. సగం చుట్టు తిప్పి, ఎదురుగ ఉన్నది నింపుతడు. బరువంతా ఒక్క దిక్కే ఉంటే చక్రం సరిగ తిరగదు. మనం పైన ఆగినప్పుడు ఖరాబైందని భయపడతం గానీ, కింద ఇంకెవరో ఎక్కుతుంటరు.

మా గూడెంల డిగ్రీ చదివేది నేనొక్కన్నే. ఊరికి పోతే మంచి మర్యాద. నాకైతే ఆ మర్యాద బరువే అనిపిస్తది. ఒక్కడే ఉండి, వాడు ఒక సబ్జెక్టు ఫెయిలైతే "సదువు మనోళ్లకు పడది" అని గూడెం అంతా అనుకుంటది. ఇంకో పిల్లగాన్ని పంపుడు బందైతది. అదే నలుగురు ఉంటే, ఒకడు ఫెయిలైనా అది వాని మార్కుల సంగతే, సప్లిమెంటరీ రాసుకుంటడు.

అందుకే "మా ఊరి మొదటి డిగ్రీ" అని శాలువాలు కప్పుడు కొన్నాళ్లు ఆపి, రెండో మనిషిని, మూడో మనిషిని ఎక్కించే పని చూద్దాం అంటున్న. ఇంటర్ పాసైనోళ్లు ఆగిపోయేది తెలివి లేక కాదు, దోస్త్ రిజిస్ట్రేషన్ కాడ. ఆధార్‌కు ఫోన్ నంబర్ లింక్ ఉండది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు చేతిల ఉండవు. వెబ్ ఆప్షన్లు నెట్ సెంటర్ ఆయన ఏవి పెడితే అవే. ఇవన్నీ మనం ఒకసారి దాటినయే కదా, పక్కన కూసోని చేయించొచ్చు.

మా గూడెంల ఈసారి ఇంటర్ రాసినోళ్లు ముగ్గురు. అందులో ఒక చెల్లె ఉంది, వాళ్ల బాపు ఇంకా ఊ అంటలేడు. సెలవులకు పోయినంక నేను మాట్లాడుత. నాకన్న హాస్టల్‌ల ఉండి చదివిన అక్క ఎవరన్నా వచ్చి మాట్లాడితే ఆయన ఎక్కువ నమ్ముతడు. ఇంద్రవెల్లి దిక్కు వచ్చే అక్కలు ఉంటే చెప్పండి, బస్టాండ్ కాడికి నేనే వస్త.